వద్దు అనే మాటకు చోటు

మీటలు పెట్టడం ఎవరైనా పెడతారు. తీసెయ్యడంలోనే ఉంది పనితనం. ఆ పనితనంలో నీలవేణిని మించినవాళ్ళు 'తేట' కంపెనీలో లేరు.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉంది ఆ కంపెనీ. ఇల్లు ఊడ్చే రోబోలు తయారుచేస్తుంది. ఆ రోబోని నడిపే యాప్‌ని ఎంత మొద్దబ్బాయికైనా అర్థమయ్యేలా చెయ్యడం నీలవేణి ఉద్యోగం. ఆమె చేరిన కొత్తలో ఆ యాప్ తెరిస్తే విమానం నడపడానికి కూర్చున్నట్టుండేది. ఏ గది, ఎంత వేగం, పొడిగానా తడిగానా, గోడ వారగానా అడ్డంగానా, మంచం కిందకి దూరాలా అక్కర్లేదా? ఇవన్నీ నొక్కేలోగా చీపురుతో ఊడ్చుకుంటే ఇల్లు రెండుసార్లు శుభ్రమయ్యేది. నీలవేణి కత్తెర పుచ్చుకుని కూర్చుంది. ఒక్కో మీటా ఎగిరిపోయింది.

ఈ తీసివేతల పిచ్చి ఆమెకు పట్టింది తల్లి వల్లే. పోలమ్మ జాలరిపేటలో పుట్టి, అక్కడే మెట్టి, నెత్తిన చేపల గంపతో ఊరంతా తిరిగి పిల్లల్ని పెంచిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి వంగలేదు. చీపురు పట్టలేనన్న దిగులు ఆమెకు మోకాళ్ళ నొప్పికంటే ఎక్కువ. సరేనని కూతురు రోబో తెచ్చిపెడితే, అక్షరాలు రావు. బొమ్మలు పెడితే, ఉప్పునీళ్ళకీ చేప పొలుసుకీ గట్టిపడిన ఆమె వేలిని ఫోను తెర వేలిగానే లెక్కపెట్టేది కాదు. పోలమ్మ ఎంత నొక్కినా అది ఉలకదు, పలకదు. "నా ఏలు నచ్చలేదంట దీనికి," అని ఫోను మంచం మీదకి గిరాటేసి, తన పాత బొత్తాల ఫోనే బొడ్లో దోపుకుంది.

మాటతో నడిపితే సరిపోతుందనుకున్నారు. అది ఇంకో తంటా. టీవీ సీరియల్లో కోడలు "వద్దత్తయ్యా, వద్దూ!" అని ఏడిస్తే ఊడ్చే రోబో టక్కున ఆగిపోయేది. ఆ కోడలు రోజూ ఏడుస్తుంది కాబట్టి ఇల్లు ఏ రోజూ పూర్తిగా ఊడవలేదు. దాంతో రోబోకి చెవులు కూడా తీసేశారు. చివరికి యాప్‌లో మిగిలినవి రెండే మీటలు: ఊడువు, వద్దు.

అప్పుడొచ్చింది జెస్సీ 'ఊహ'తో.

జెస్సీ ఆ కంపెనీలో యంత్రాలకు బుద్ధి నేర్పే పిల్ల. ఊహ అంటే ఆ పిల్ల రోబో కోసం కొత్తగా తయారుచేసిన బుద్ధి. ఒకరోజు నీలవేణిని లాబులోకి పిలిచి చెప్పులు విప్పి నిలబడమంది.

"ఏం అనొద్దక్కా. ఏం చెయ్యొద్దు. ఊరికే నిలబడు," అంటూ పొట్లం విప్పి గుప్పెడు మరమరాలు నేల మీద పోసింది.

నీలవేణి వాటి వంక చూసిందో లేదో, మూలనున్న రోబో గబగబా వచ్చి ఊడ్చుకుపోయింది. జెస్సీ ఇంకో గుప్పెడు పోసి, ఈసారి కూర్చుని ఏరుకు తినమంది. నీలవేణి గొంతుకూర్చుని ఒక్కో గింజా నోట్లో వేసుకుంటుంటే, రోబో మూలనుంచి కదలనే లేదు.

"దీనికెలా తెలిసిందే?"

"నేల చెప్పిందక్కా. నీ బరువు ఎటు వాలింది, మడమ ఎంత బిగిసింది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, అన్నీ బండలోంచి దానికి అందుతాయి. నువ్వు చిరాకు పడ్డావంటే ఊడవమని. స్థిమితంగా ఉన్నావంటే అక్కర్లేదని. నీకు అనిపించేలోపే దానికి తెలిసిపోతుంది."

డైరెక్టర్ చక్రధర్ అది చూసి పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. మనుషుల కష్టం తగ్గించాలని నిజంగానే అనుకునేవాడు. కాకపోతే తగ్గించడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఆయనకు తెలియదు. "ఇంకా ఆ రెండు మీటలెందుకమ్మా? తీసిపారెయ్. మన రోబో పేరు తేట సున్నా. మన నినాదం, అడగక్కర్లేదు!" అన్నాడు.

"మరి వద్దు అనాలంటే సార్?" అని అడిగింది నీలవేణి.

"అనాల్సిన అవసరమే రాకూడదు. అదే కదా మన గొప్ప."

ఆ మాట నీలవేణికి నచ్చింది. నచ్చకపోతే ఈ కథే లేదు. ఊడువునీ, వద్దునీ, వాటితోపాటు రోబో ఒంటి మీదున్న ఆపే మీటనీ తన చేత్తోనే తీసేసి, తెల్లగా ఖాళీగా మిగిలిన తెర చూసుకుని మురిసిపోయింది. అంతటితో ఆగక సొంతంగా ఒక తెలివి కూడా జోడించింది. ఇంట్లోంచి మనిషి బయటికి వెళ్ళగానే రోబో పని మొదలుపెట్టాలని. అడ్డం లేనప్పుడే కదా ఊడవడం సుఖం. దానికి 'గడప సూత్రం' అని పేరు కూడా పెట్టింది.

పరీక్షకి ఎంచుకున్న ఇళ్ళలో పోలమ్మ ఇల్లూ ఉంది. ఆ ఇంట్లో నీలవేణి, తల్లి, మరపడవ నడిపే సరంగుగా పనిచేసే తమ్ముడు మసేను ఉంటారు. రోబోని పోలమ్మ తాబేలు అని పిలిచేది. మొదట్లో, మసేను పడవ ఒడ్డున ఉన్నన్నాళ్ళూ, ఇద్దరికీ బాగానే కుదిరింది.

మసేను చేపల వేటకి బయల్దేరిన పొద్దున నీలవేణి లాబులో ఉంది. చక్రధర్ ఎవరో అతిథుల్ని వెంటబెట్టుకొచ్చి, గోడంత తెర మీద పరీక్ష ఇళ్ళు చూపిస్తున్నాడు. కెమెరాలు లేవు, మనుషులు ఉత్త చుక్కలుగా కనిపిస్తారు. పక్కన సంతృప్తి గీత ఒకటి పచ్చగా పాకుతుంటుంది.

"ఇది మా డిజైనర్ నీలవేణి గారి సొంత ఇల్లే. ఆ చుక్క వాళ్ళమ్మగారు," అని మురిపెంగా చూపించాడు.

మసేను చుక్క గడప దాటింది. వెంటనే రోబో చుక్క బయల్దేరింది. పోలమ్మ చుక్క దాని వైపు నడిచింది. గుండె వేగం పెరిగింది. రోబో వేగం కూడా పెరిగింది. పోలమ్మ దాని వెనకే అటూ ఇటూ తిరిగింది. రోబో ఇంకా జోరందుకుంది. కాసేపటికి పోలమ్మ చుక్క ఒకచోట ఆగి, వెడల్పుగా పరుచుకుంది.

"నేల మీద పడుకున్నారు," అన్నాడు చక్రధర్. "చూశారా? ఇల్లు శుభ్రం, మనసు హాయి."

పచ్చ గీత ఇంతెత్తున లేచింది. అతిథులు చప్పట్లు కొట్టారు. వాళ్ళతో పాటు నీలవేణి కూడా కొట్టింది. ఆ చప్పుడు ఇంకా ఆగకముందే ఆమె ఫోను మోగింది.

"ఒలే నీలా, సెయ్యి ఇరిగినట్టుంది. బేగి రా. ముందొచ్చి ఈ తాబేలుని ఆపు!"

ఆపడానికి మీట ఏదీ? నీలవేణి ఇంటికి పరిగెత్తి, వాకిట్లో ఉన్న కోళ్ళగంప తెచ్చి దాని మీద బోర్లించి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టింది. తల్లిని లేవదీసి ఆసుపత్రికి తీసుకుపోయింది. కుడి మణికట్టు విరిగిందన్నారు. మోచేతి దాకా పిండికట్టు వేశారు.

ఇంటికొస్తూ ఆటోలో నీలవేణి భయమంతా కోపంగా మారి బయటికొచ్చింది.

"ఈ వయసులో రోబో వెనకాల పరుగులేటమ్మా? నీ పాటికి నువ్వు కూకుంటే ఏటయ్యేది?"

"పిల్లోడు పడవెక్కకముందే ఇల్లు ఊడ్సేస్తాదేటే అది?" అంది పోలమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది నీలవేణికి. ఇంట్లోంచి మనిషి ఊరికి బయల్దేరితే వెంటనే ఇల్లు ఊడవరు. అలా ఊడ్చేది శవాన్ని లేవదీసిన ఇంట్లో. బతికున్న మనిషి వెనకాలే ఊడిస్తే, ఆ మనిషి ఇక తిరిగిరాడని చెప్పినట్టు. వేటకెళ్ళేవాళ్ళ ఇళ్ళలో ఈ పట్టింపు మరీ ఎక్కువ. పడవ హార్బరు దాటిందని కబురొచ్చేదాకా పోలమ్మ చీపురు ముట్టదు. నీలవేణి పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే. ఆ ఇంటి కూతురే పోయి పోయి గడప సూత్రం కనిపెట్టింది. లాబులో కూర్చుంటే ఇంటి సంగతులు ఎందుకు గుర్తురావో ఆ దేవుడికే తెలియాలి. సిగ్గుతో ఆమె ముఖం కందిపోయింది. అయినా మొండిగా అంది.

"ఊడిస్తే పడవ మునిగిపోద్దా? ఈ కాలంలో కూడా అవే మాటలేటి?"

"మునిగిపోద్దని నానన్నానా?" పోలమ్మ గొంతు లేచింది. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. "నా ఇంట్లో నాను వొద్దన్నాను. మీ నాయిన ఇన్నాడు. మసేనుగాడు ఇంటాడు. ఈదిలో కుక్క కూడా ఇంటాది. నువ్వు తెచ్చిన తాబేలు ఇన్లేదు. వొద్దన్నకొద్దీ ఇంకా తిరిగింది. నాను మనిసిని కానేటే దానికి?"

నీలవేణి తల్లి పిండికట్టు చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, ఆటో కుదుపులకి కదలకుండా పట్టుకుంది.

మర్నాడు లాబులో జెస్సీ ఆ పొద్దున జరిగినదంతా మళ్ళీ తెర మీద నడిపించింది. చూస్తున్నకొద్దీ ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేకుండా పోయింది.

"అమ్మ కోపంగా నేల వంక చూశారక్కా. దాన్ని ఊహ మురికి మీద చిరాకు అనుకుంది. ఎంత కోప్పడితే అంత ఊడవాలనుకుంది. తర్వాత పడిపోయారు. ఒళ్ళు నేలకి పరుచుకుని కదలకుండా ఉంటే విశ్రాంతి అని నేర్పింది నేనే." ఆమె అరచేతుల్లో ముఖం దాచుకుంది.

పోలమ్మ ఇంటి వివరాల కింద ఒక వరుస ఉంది. అభ్యంతరాలు: లేవు. నీలవేణి ఆ వరుస వంక చాలాసేపు చూసింది. అభ్యంతరం చెప్పే దారి ఒక్కటీ లేకుండా చేసినవాళ్ళే, అభ్యంతరాలు లేవని రాసుకున్నారు. ఆ దారులు మూసింది ఎవరో కాదు, తనే.

తన మీద తనకొచ్చిన కోపంతోనే చక్రధర్ గదికి వెళ్ళింది.

"వద్దు తిరిగి పెట్టాలి సార్."

చక్రధర్ పోలమ్మ చెయ్యి ఎలా ఉందని అడిగాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు, "దీనికింత బాధ దేనికి? జాలర్ల ఇళ్ళకి గడప సూత్రంలో మినహాయింపు పెట్టేద్దాం. ఇంకా ఏమేం ఆచారాలున్నాయో చెప్పండి. అన్నీ ఊహకి నేర్పేద్దాం."

"మా అమ్మకి కావాల్సింది మినహాయింపు కాదు సార్. ఆచారం మీరు నేర్పుతారు. రేపు ఏ ఆచారమూ లేకుండా, ఊరికే, ఇవాళ ఊడవొద్దు అనిపిస్తుంది. అప్పుడేం నేర్పుతారు?"

"ఊరికే ఎందుకనిపిస్తుంది? ఏదో కారణం ఉంటుంది. దాన్ని పట్టుకుంటే సరి."

"కారణం చెప్పకుండా వద్దనగలిగితేనే సార్ అది సొంతిల్లు."

చక్రధర్ నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు, అందుకే మరీ ఒళ్ళు మండింది. "ఒక మీట పెడితే రెండోది అడుగుతారు. దసరాకి మార్కెట్లోకి వెళ్తున్నాం. అడగక్కర్లేదు అని ఊరంతా చెప్పాక, ఇప్పుడు అడుగుతాం అంటే నవ్వుతారు. అయినా అన్ని ఇళ్ళలో ఒక్క మీ ఇంట్లోనే కదా గొడవ? ఖాజాగారి ఇల్లు చూడండి. అందరికంటే ఎక్కువ సంతృప్తి వాళ్ళదే."

సరే, ఆ సంతృప్తి ఏ రంగులో ఉందో చూద్దామని నీలవేణి అక్కడికే వెళ్ళింది.

ఖాజా ముసలి దర్జీ. పూర్ణా మార్కెట్ వెనక సందులో పాత ఇల్లు. నీలవేణి వెళ్ళేసరికి ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని, పరుపు మీదే గుడ్డ పరిచి కత్తిరిస్తున్నాడు. పరుపు మెత్తదనానికి గుడ్డ ముడతలు పడుతోంది. కత్తెర వంకరపోతోంది. పక్కనే కుర్చీ మీద ఆయన భార్య పీర్‌బీ కాళ్ళు పైకి పెట్టుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నేల అద్దంలా మెరిసిపోతోంది. దాని మీద పురుగు కూడా లేదు.

"నేల మీద పరుచుకుంటే సుఖం కదా ఖాజా గారూ?" అంది నీలవేణి.

"ఇంతకుముందు అలాగేనమ్మా. గుడ్డ కత్తిరిస్తే పోగులు పడతాయి, పోగులు పడితే అది వచ్చేస్తుంది. గుడ్డతో సహా లాక్కుపోతుంది. నాకు విసుగొస్తే ఇంకా జోరుగా వస్తుంది. అందుకని విసుక్కోకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను." ఆయన గర్వంగానే చెప్పాడు. "మంచం ఎక్కేశాక ఏ గొడవా లేదు."

"మాకు ఫోను చేసి చెప్పకపోయారా?"

"ఏమని చెప్పనమ్మా? అది బాగానే ఊడుస్తోంది. అడ్డం తగిలేది మేమే కదా."

పీర్‌బీ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. నీలవేణికి టీ ఇవ్వడానికి కుర్చీలోంచి దిగింది. మునివేళ్ళ మీద, మడమ నేలకి తగలకుండా వంటింట్లోకి నడిచింది. నిద్రపోయే పిల్లలున్న ఇంట్లో అలా నడుస్తారు. ఆ ఇంట్లో పిల్లలు లేరు.

నీలవేణి టీ గ్లాసు పట్టుకుని ఆ మెరిసే నేల వంక చూసింది. మన ఇళ్ళలో బతుకంతా నేల మీదే. కూరలు తరిగేది అక్కడే, తినేది అక్కడే, నడుం వాల్చేది అక్కడే. ఇప్పుడు ఇల్లు వీళ్ళదీ, నేల దానిదీ అయిపోయింది. దాన్ని తమ కంపెనీ సంతృప్తి అని కొలుస్తోంది. ఇది తను చేసిన పనే. తన చేత్తోనే విప్పుతుంది. చక్రధర్ ఒప్పుకుంటే ఆయనతో కలిసి, ఒప్పుకోకపోతే ఆయన ఉండగానే. సందు దాటేలోపే ఆ నిశ్చయానికి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి పోలమ్మ ఎడం చేత్తో కత్తిపీట మీద చేప కొయ్యడానికి తంటాలు పడుతోంది. గంప కింద తాబేలు బుర్రుమంటూ గుద్దుకుంటోంది. చేప పొలుసు రాలడం దానికి తెలిసిపోతోంది మరి.

"అమ్మా, దీన్ని పట్టుకుపోయి కంపెనీలో పడేస్తాను," అంది నీలవేణి.

"పడేస్తే నా ఇల్లెవుడు ఊడుస్తాడు? నువ్వా?" అని కస్సుమంది పోలమ్మ. "ఊడవడం నాకు కావాలే. నాను ఊడవమన్నప్పుడు ఊడవాల. వొద్దన్నప్పుడు మానాల. ఇంతే కదే! ఇంత సదువు సదివీసి, ఇంత మాట దాని బుర్రకి ఎక్కించలేవేటే? ఇది నా నేల!" అంటూ ఎడం అరచేత్తో నేల మీద ఫెడేల్మని చరిచింది.

గంప కింద బుర్రుమనడం ఆగిపోయింది.

నీలవేణి చెవులు రిక్కించింది. క్షణం తర్వాత మళ్ళీ మొదలైంది.

"అమ్మా, మళ్ళీ కొట్టు."

"ఏటి?"

"నేల మీద చరుచమ్మా! కోపంగా!"

"కోపానికేటి, కావలసినంత ఉంది," అని పోలమ్మ మళ్ళీ చరిచింది. మళ్ళీ నిశ్శబ్దం. ఆ దెబ్బ అడుగూ కాదు, గుండె చప్పుడూ కాదు. అదేమిటో తెలియక ఊహ తెల్లమొహం వేస్తోంది. నీలవేణి తల్లిని వాటేసుకుంది. "ఒలే, సెయ్యి! సెయ్యి!" అని పోలమ్మ కేకలు పెట్టింది.

ఆ వారం జెస్సీతో కలిసి పనిలో కూర్చుంది నీలవేణి. మీట అక్కర్లేదు, తెర అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. ఏ వేలైనా పరవాలేదు. అరచేత్తో నేల మీద చరిస్తే వద్దని అర్థం. టీవీలో కోడలు ఎంత ఏడ్చినా ఈ నేలని చరచలేదు. ఇన్నేళ్ళు మీటలు తీసిన మనిషి చేసిన వాటిలో ఇంతకంటే తేలికైనది లేదు.

"ఊడవడాన్ని ఆపాలి, అంతేనా అక్కా?" అంది జెస్సీ.

"కాదు. ఏం చెయ్యబోయినా ఆపాలి. చేసేముందు ఊడవనా, తుడవనా అని అడిగి కాసేపు ఆగాలి. ఎవరూ కాదనకపోతేనే కదలాలి. ఈ వద్దుని దాటి వెళ్ళే దారి దేనికీ, కంపెనీ పంపే మార్పుకి కూడా, ఉండకూడదు. నీకు కూడా. నాకు కూడా."

జెస్సీ వేళ్ళు ఆగిపోయాయి. "సార్‌కి తెలిస్తే?"

"తెలియాలనే. కింద నా పేరు రాయి. నీ పేరు వద్దు."

"నేర్పింది నేనక్కా. విశ్రాంతి అని నేర్పింది కూడా నేనే. నా పేరూ ఉంటుంది," అని ఆ పిల్ల ఇద్దరి పేర్లూ రాసి, కొత్త మార్పుని పరీక్ష ఇళ్ళన్నిటికీ పంపేసింది. నీలవేణి ఇంటింటికీ స్వయంగా వెళ్ళి అరచెయ్యి చూపించి వచ్చింది. ఖాజా మాత్రం, "మనకెందుకమ్మా, అలవాటైపోయింది కదా," అన్నాడు. పీర్‌బీ వింటూ నిలబడింది.

మర్నాడు గోడంత తెర మీద ఎర్రచుక్కలు మొలవడం మొదలైంది. ఒక్కో ఎర్రచుక్కా ఒక్కో వద్దు. ఎందుకో తెరకి తెలియదు, ఆ ఇళ్ళకే తెలుసు. ఒకరింట్లో నేల మీద పాప నిద్రపోతోంది, వద్దు. ఒకరింట్లో పేకాట పరిచి ఉంది, వద్దు. ఒకరింట్లో ఏమీ లేదు. మనిషి నేల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నాడు, ఊరికే, వద్దు. మధ్యాహ్నానికి ఖాజా ఇంట్లో కూడా ఒక చుక్క ఎర్రబడింది. ఆ అడుగుల బరువు ఖాజాది కాదు. పీర్‌బీది. వరసగా చరుస్తూనే ఉంది, రోబో మూలకి వెళ్ళి కూర్చున్నా చరుస్తూనే ఉంది. నీలవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చక్రధర్ తెర ముందు నిలువుగుడ్లేసుకుని నిలబడ్డాడు. సంతృప్తి గీత పాతాళానికి పడిపోయింది.

"ఏమిటిది? ఎక్కడ చూసినా వద్దు, వద్దు! ఇన్ని వద్దులు ఎక్కణ్ణించి తెచ్చారు?"

"నేను తేలేదు సార్. ఇన్నాళ్ళూ ఉన్నవే. ఇప్పుడు మీకు కనబడుతున్నాయి."

"మీరిద్దరూ బయటికి నడవండి," అన్నాడాయన. నీలవేణి నడిచింది. తల దించుకుని మాత్రం నడవలేదు. జెస్సీ ఏడుస్తూనే వెనకాల వచ్చింది గానీ, ఆ పిల్ల కూడా క్షమాపణ చెప్పలేదు.

కొన్నాళ్ళకి మసేను వేట నుంచి తిరిగొచ్చాడు. కులాసాగా, నల్లగా నిగనిగలాడుతూ, చేతిలో పెద్ద వంజరం చేపతో. సంగతంతా విని పకపకా నవ్వాడు.

"సూసేవా అమ్మా? అది ఊడ్సీసినా నాకేటీ అవ్వలేదు!"

"నాకయ్యింది గదరా," అని పోలమ్మ పిండికట్టు చెయ్యి వాడి ముఖం ముందు పెట్టింది. మసేను నవ్వు ఆపేశాడు.

ఆ మర్నాడు పొద్దున్నే తల్లీ కొడుకూ వంజరం ముందేసుకుని నేల మీద కూర్చున్నారు. గంప ఎప్పుడో తీసేశారు. తాబేలు మూలలోంచి కదిలి పోలమ్మ ముందుకొచ్చి ఆగింది. రెండు దీపాలు వెలిగించుకుని, జెస్సీ నేర్పిన గొంతుతో అడిగింది. "కంపెనీ నుంచి మార్పు వచ్చింది. పాత పద్ధతికి మారిపోనా?"

గుమ్మంలో నిలబడ్డ నీలవేణి ఒక అడుగు ముందుకేసింది. ఇది ఎప్పటికైనా వస్తుందని ఆమెకు తెలుసు. వంగి తనే నేల చరవొచ్చు. కానీ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఈ ఇల్లు తనది కూడా అయినా, ఈ జవాబు తనది కాదు.

"పాత పద్దతంటే?" అని అడిగింది పోలమ్మ.

"నీ మాట ఇననిదమ్మా," అంది నీలవేణి.

పోలమ్మ పొలుసు అంటిన చెయ్యెత్తి నేల మీద ఒక్కటి చరిచింది. అంత చిన్న దెబ్బకి అంత పెద్ద కంపెనీ ఆ ఇంటి గడప బయటే ఆగిపోయింది. తాబేలు దీపాలు ఆర్పుకుని మూలకి వెళ్ళిపోయింది. పోలమ్మ మళ్ళీ చేప పనిలో పడింది.

కాసేపటికి చక్రధర్ ఫోను చేశాడు. గొంతు పీలగా ఉంది.

"నీలవేణి గారూ, పాత పద్ధతి ఒక్క ఇంట్లోనూ ఎక్కలేదు. దర్జీ గారింట్లో ఆ ముసలావిడ రోబో వచ్చి అడిగేదాకా కూడా ఆగలేదు. అది బయల్దేరగానే కొట్టేసింది. మీరొచ్చి ఈ ముడి విప్పండి. మీ ఉద్యోగం మీకు, జెస్సీది జెస్సీకి."

"విప్పేది నా చేతిలో లేదు సార్. మా చేతిలో లేకుండానే కట్టాం. మార్చాలంటే ఆ ఇళ్ళవాళ్ళని అడగాలి."

"అడగాలా? అంతమందినీ?"

"అందరినీ. ఒక్కో ఇంటికీ వెళ్ళండి. గుమ్మం బయట బూట్లు విప్పి, వాళ్ళతో పాటు నేల మీద కూర్చుని అడగండి. సరే అన్నవాళ్ళ ఇంట్లో మార్చుకోండి."

పరీక్ష రాయడానికొచ్చిన పిల్లాడిలా అడిగాడు చక్రధర్.

"వాళ్ళు వద్దంటే?"

"వద్దన్నట్టే సార్," అని నీలవేణి ఫోను పెట్టేసి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని తల్లి పక్కన కత్తిపీట ముందు కూర్చుంది.